హెడ్మిస్ట్రెస్ గారి వీపు

మార్చి 3, సోమవారం

బీపీ డాక్టరు నన్ను అరవొద్దన్నాడు. ఉప్పు తగ్గించమన్నాడు, తగ్గించాను. మెట్లు ఎక్కొద్దన్నాడు, మానేశాను. అరవకుండా ఉండటం మాత్రం నా వల్ల కావడం లేదు. అందుకే ఈ పుస్తకం మొదలుపెట్టాను. నోటితో అనకూడనివన్నీ ఇందులో అంటాను. దీన్ని ఎవరూ చదవకూడదు. మావారు అసలే చదవకూడదు. చదువుతున్నట్టయితే ఈ వాక్యం దగ్గరే మూసెయ్యండి.

సంగతి ఇది. మా మనవరాలు ఉద్యోగం మానేసింది.

మానేసి రెండు వారాలైందట. ఈ రెండు వారాలూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని, "వెళ్లొస్తా నాన్నమ్మా" అని వీధి గుమ్మంలోంచి బయల్దేరి, సందు చుట్టూ తిరిగి, పెరటి గేటులోంచి మళ్లీ మా ఇంట్లోకే వచ్చి వెనక గదిలో కూర్చుంటోంది. ఆ గేటు గడియ తీసి పెట్టేది మావారు. ఇద్దరూ కలిసి నా కళ్లు కప్పారు. ఒక బడిని ఏళ్ల తరబడి నడిపినదాన్ని, గోడ దూకిన పిల్లల్ని చెప్పుల చప్పుడు విని పట్టుకున్నదాన్ని!

ఇవాళ పెరట్లో ఆరేసిన దుప్పటి దానంతటదే నడుచుకుంటూ వెనక గదిలోకి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. దుప్పటి కింద రెండు కాళ్లున్నాయి. అలా దొరికింది.

పిల్ల ఒక బట్టల షోరూములో నాలుగేళ్లు డిస్‌ప్లే పని చేసింది. రోడ్డు వైపు అద్దాల వెనక బొమ్మలుంటాయే, వాటికి బట్టలు తొడిగి, నిలబెట్టి, లైట్లు సర్ది, దారిన పోయేవాళ్ల కాళ్లు ఆగేలా చెయ్యడం దాని పని. ఎప్పుడు చూసినా పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంటుంది కాబట్టి మావారు దాన్ని గుండుసూది అని పిలుస్తారు. ఇంట్లో ఆ పేరే స్థిరపడింది.

దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను.

"ఎందుకు మానేశావు?"

"బొమ్మలంటే విసుగొచ్చింది నాన్నమ్మా."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"బొమ్మలు చేస్తాను."

అరవలేదు. డాక్టరు సాక్షి.

మార్చి 4, మంగళవారం

మా అబ్బాయి ఫోన్ చేశాడు. వాడూ కోడలూ ఉద్యోగాల కోసం వేరే ఊళ్లో ఉంటారు. పిల్ల ఇక్కడ మా దగ్గర ఉంటోంది. "అమ్మా, అంతమందిని దారిలో పెట్టావు. నీ మనవరాల్ని పెట్టలేవా?" అన్నాడు. పెడతానన్నాను. నెలాఖరుకల్లా దాన్ని మళ్లీ షోరూములో నిలబెడతానని మాటిచ్చాను.

మాటిచ్చాక తప్పే అలవాటు నాకు లేదు.

మార్చి 5, బుధవారం

షోరూముకి వెళ్లొచ్చాను. అక్కడి మేనేజరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నాడు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. పేరు కన్నా బెంచీయే నాకు బాగా గుర్తు. మూడో బెంచీ నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. ఆ మాత్రం పెంపకం మిగిలింది.

"టీచర్ గారూ, మీ మనవరాలు చేసినట్టు కిటికీ ఇంకెవరూ చెయ్యరండి. ఆ సీటు నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతాను. ముప్ఫై ఒకటో తారీఖు దాటితే మాత్రం పైవాళ్లు ఊరుకోరు."

"వస్తుంది" అన్నాను.

"ఇరవై తొమ్మిదిన అమ్మాయి ఎగ్జిబిషన్ ఉందటగా అండీ?"

నాకు తెలియదు. తెలిసినట్టు తలూపాను.

బయటికి వస్తుంటే వాచ్‌మన్ కూడా అన్నాడు, "అమ్మాయిగారి ఎగ్జిబిషన్‌కి తప్పకుండా వస్తామమ్మా" అని. వాచ్‌మన్‌కి తెలుసు. నాకు తెలియదు.

ఇంటికొచ్చి నిలదీస్తే తాతా మనవరాలూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఊరి మధ్యలో ఒక చిన్న గ్యాలరీ ఉంది. దాన్ని నడిపే ఆవిడ పిల్లకి ఒక గది ఇచ్చింది. ఒకే ఒక్క గది. అది బాగుంటే ఆ తరవాత ఇంకోటి ఇస్తుందట. బాగాలేకపోతే లేదు. దానికోసం పిల్ల ఉన్న ఉద్యోగం వదులుకుంది.

వెనక గదిలోకి తొంగిచూశాను. మట్టి కాల్చే కరెంటు బట్టీ, బీరువా అంతది ఉంది! సెకండ్ హ్యాండుదట. నేను పక్కవీధి పెళ్లికి వెళ్లినరోజు లోపలికి తెచ్చారట.

మార్చి 6, గురువారం

అది చేసే పని ఇది. గంజిలా జారుగా కలిపిన మట్టిలో గుడ్డని ముంచుతుంది. గుడ్డ మట్టిని తాగుతుంది. దాన్ని మనిషి ఆకారం మీద కప్పి, మడతలు సర్ది, ఆరబెట్టి, బట్టీలో కాలుస్తుంది. గుడ్డ కాలిపోతుంది. మట్టి మిగులుతుంది. మెడకాయ లేని చొక్కా, చేతులు లేని కోటు, వాటి పక్కన గుడ్డతో కుట్టి దూది కూరిన చేతులు.

"ఇందులో మనిషేడీ?" అన్నాను.

"లేచి వెళ్లిపోయాడు నాన్నమ్మా. ఇప్పుడే."

నూలు గుడ్డ అయితేనే మట్టిని తాగుతుందట. పాలిస్టర్ ఉమ్మేస్తుందట. ఇంట్లో నూలు దుప్పట్లు ఎందుకు తగ్గుతున్నాయో ఇప్పుడు తెలిసింది.

బీరువాకి తాళం వేశాను.

మార్చి 8, శనివారం

మావారు పొద్దున్నుంచీ బనీనుతో తిరుగుతున్నారు.

"చొక్కా వేసుకోండి, ఎవరైనా వస్తారు."

"లేదు."

"లేదంటే?"

"ఒకటి తడిసి ఉంది. మిగతావి..." అని వెనక గది వైపు చూశారు. "మిగతావి మట్టిలో ఉన్నాయి. నేనే ఇచ్చాన్లే. నూలువేగా. ఇస్త్రీ గోల తప్పింది."

"పెన్షన్ ఆఫీసుకి బనీనుతో వెళతారా?"

"బట్టీలోంచి తీశాక చొక్కా వేసుకుని వెళతాను. చాలా గట్టిగా ఉంటుందట."

ఆ మాటకి వెనక గదిలోంచి నవ్వు. ఈ ఇంట్లో నేను మైనారిటీ.

మార్చి 10, సోమవారం

నా అంతట నేనే, పెద్దమనసు చేసుకుని, ముందుగది కర్టెన్లు తీసి గుండుసూదికి ఇచ్చాను. రెండూ ఇచ్చాను. పిల్ల నా మొహంలోకి చూసి, "నిజంగానా నాన్నమ్మా?" అంది. నిజంగానే అన్నాను. అవి పాలిస్టర్ అన్న సంగతి అది అడగలేదు, నేను చెప్పలేదు. అడగని ప్రశ్నకి జవాబు రాస్తే నేనెప్పుడూ మార్కులు వెయ్యలేదు.

మార్చి 12, బుధవారం

కర్టెన్ల మీద మట్టి నిలవలేదట. ఆరేలోపు పెచ్చులు పెచ్చులుగా జారిపోయిందట. రెండు రోజుల పని పోయింది.

ఈమధ్య గాలిలో తేమ ఎక్కువగా ఉంది. అందువల్ల అయ్యుంటుంది.

అన్నం సయించలేదు. ఉప్పు లేకపోవడం వల్ల.

మార్చి 13, గురువారం

పొద్దున నేను కూరగాయలు తరుగుతుంటే గుండుసూది వచ్చి పక్కన కూర్చుంది. చిక్కుళ్లు ఒలవడం మొదలుపెట్టింది. తరవాత అంది:

"నాన్నమ్మా, నేను నాలుగేళ్లు బట్టల షోరూములో పనిచేశాను. పాలిస్టరో నూలో ముట్టుకుంటే తెలియదా?"

కత్తి ఆగింది.

"తెలిస్తే ఎందుకు ముంచావు?"

"నువ్వు నా పనికి ఏదన్నా ఇవ్వడం అదే మొదటిసారి. వాడకపోతే నొచ్చుకుంటావని."

చిక్కుళ్లు ఒలవడం దానికి రాదు. తొక్కతో పాటు గింజలు కూడా పారేస్తోంది. ఆ సంగతి మాత్రం చెప్పాను.

సాయంత్రం బీరువా తీసి రెండు నూలు దుప్పట్లు వెనక గది గుమ్మంలో పెట్టాను. అంచులు అరిగిపోయినవే, ఎలాగూ చిరిగేవే. దీనికీ దానికీ సంబంధం లేదు.

మార్చి 16, ఆదివారం

గ్యాలరీ ఆవిడ పని చూడటానికి వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద కళ్లద్దాలు, కాళ్లకి బూట్లు. గుమ్మంలో బూట్లు విప్పమన్నాను. విప్పింది.

వెనక గదిలో అయిదు బొమ్మలు వరసగా గోడ వారన నిలబెట్టి ఉన్నాయి. లైటు కూడా పెట్టింది పిల్ల. ఒప్పుకోవాలి, గుమ్మంలోంచి చూస్తే గుండె ఒక్కసారి ఆగుతుంది. కోటు తొడుక్కుని ఎవరో నిలబడ్డట్టే. మావారి చొక్కా అయితే, మడతపెట్టిన చెయ్యీ జేబు దగ్గర ఉబ్బూ అచ్చం మావారే. గ్యాలరీ ఆవిడ "అబ్బ" అంది.

తరవాత చక్కగా నడుచుకుంటూ బొమ్మల వెనక్కి వెళ్లింది.

గుండుసూది "అటెందుకండీ?" అంది.

"అటంటే?"

"అటు వైపు ఏమీ లేదు కదా."

నేనూ వెళ్లి చూశాను. నిజమే, ఏమీ లేదు. అట్టముక్కలు, తాడు, టేపు, వరసలు వరసలుగా గుండుసూదులు. మావారి చొక్కాకి వీపే లేదు. కోటు వెనక ఆనించిన కర్ర. ముందు నుంచి మనుషులు, వెనక నుంచి పార్సిళ్లు.

"వెనక వైపు ఎప్పుడు చేస్తావు?" అంది ఆవిడ.

"వెనక వైపు చెయ్యాలా?"

అది అమాయకంగానే అడిగింది. నాలుగేళ్లు అద్దం వెనక పనిచేసిన పిల్ల. అక్కడ బొమ్మకి ఒకటే వైపు ఉంటుంది, రోడ్డు వైపు. రెండో వైపు నిలబడి సూదులు గుచ్చేది ఇదే. బొమ్మకి వీపుంటుందని, ఆ వీపుని ఎవరన్నా చూస్తారని దానికి తట్టనే లేదు. బట్ట వదులైతే వెనక నుంచి లాగి గుచ్చెయ్యడం, కింద పడబోతే వెనక కర్ర ఆనించడం. చేతులకి అదే అలవాటైపోయింది.

ఆవిడ మెత్తగానే చెప్పింది. "నా గది నాలుగు వైపులా తెరిచి ఉంటుందమ్మా. బొమ్మలు మధ్యలో ఉంటాయి. మనుషులు చుట్టూ తిరుగుతారు. ఇలాగే గోడకి ఆనించి పెడితే అది బట్టల కొట్టు కిటికీయే అవుతుంది. ఇరవై తొమ్మిదికి వీపులు వస్తే సరే. లేకపోతే గది వేరేవాళ్లకి ఇస్తాను, ఏమీ అనుకోకు."

వెళ్లేటప్పుడు బూట్లు తొడుక్కుంటూ నాతో, "మీ మనవరాలికి చెయ్యి ఉందండీ. బొమ్మ చుట్టూ ఒక్కసారి నడిస్తే చాలు" అంది.

మార్చి 17, సోమవారం

పిల్ల వెనక గది తలుపుకి బయటి నుంచి గడియ పెట్టేసింది. రోజంతా మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉంది. మధ్యాహ్నం తాతగారు వెళ్లి పక్కన కూర్చున్నారు.

"తాతయ్యా, నాకు కిటికీలే వచ్చు. మూడో బెంచీకి ఫోన్ చేస్తాను. రేపో ఎల్లుండో వెళ్లిపోతా."

గెలిచాను.

అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాలి. లైను కలవలేదు. నంబరు తిప్పనూ లేదు, కానీ తిప్పినా కలిసేది కాదు. ఈమధ్య సిగ్నల్ బాగుండటం లేదు.

మార్చి 18, మంగళవారం

గెలిచాను. ఇంక రాయడానికేమీ లేదు.

మార్చి 18, మళ్లీ

రాయాల్సి వచ్చింది. మూడో బెంచీ ఫోన్ చేశాడు.

"టీచర్ గారూ, అమ్మాయి వచ్చేస్తానంది! నాకు ముందే తెలుసండీ. అద్దం వెనక బాగుండేవాళ్లు అద్దం వెనకే బాగుంటారు. ఆ ఆర్టులూ అవీ మనలాంటి వాళ్లకెందుకండీ."

మనలాంటి వాళ్లట. వాడి లెక్కలో నేనూ వాడూ ఒకటి.

"నాయనా, నువ్వు ఏడో తరగతిలో భిన్నాలు ఎన్నిసార్లు తప్పావు?" అని అడిగాను.

"అది... గుర్తులేదండీ."

"నాకు గుర్తుంది" అని పెట్టేశాను. అరవలేదు.

పిల్ల ఉద్యోగానికి వెళ్లాలనే కదా నేనూ కోరుకున్నాను? వాడూ అదే అన్నాడు. మరి వాడి మీద కోపమెందుకు? బీపీ వల్ల. ఇంకేం కాదు.

మార్చి 19, బుధవారం

పొద్దున్నే వెనక గది గడియ తీశాను. గుండుసూదిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"నేను స్కూల్లో కుట్టుపని పరీక్ష పెట్టేదాన్ని, తెలుసా?"

"తెలుసు. అందరూ ఏడ్చేవాళ్లట."

"ముందు వైపు చూసి మార్కులు వెయ్యలేదు నేను. గుడ్డ తిప్పి చూసేదాన్ని. ముడులెక్కడ, దారాలెక్కడ, ఎవరు దొంగతనంగా దాటేశారో అంతా వెనకే ఉంటుంది. వెనక వైపు శుభ్రంగా ఉంటేనే ముందుకి తిప్పేదాన్ని."

"ఇప్పుడు నాకెన్ని మార్కులు?"

"సున్నా."

అది నవ్వింది. ఆదివారం తరవాత అదే మొదటి నవ్వు.

"అయినా నాన్నమ్మా, వీపు ఎలా ఉంటుందో నాకు తెలియదు. బొమ్మలకి ఉండేది ప్లాస్టిక్ వీపు. అన్నిటికీ ఒకటే. ఏమీ చెప్పదు."

అప్పుడు మావారు గుమ్మంలోంచి అందుకున్నారు. బనీనుతోనే.

"వీపు ఏమీ చెప్పదా? ఈవిడ వీపు చూసే కదే నేను ఇన్నేళ్లు బతికిపోయాను! స్టవ్ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంటుందా, భుజాలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకునే లోపలికి వచ్చేవాణ్ణి. కుడి భుజం లేచిందంటే కూర మాడింది. రెండూ లేచాయంటే నేను మాడిపోతాను."

"ఊరుకోండి" అన్నాను, అటు తిరిగి.

"అదిగో!" అన్నారు. "చూడు చూడు! ఇప్పుడు నవ్వుతోంది. మెడ దగ్గర చూడు."

నేను నవ్వలేదు.

వెనక్కి తిరిగి చూస్తే, పిల్ల సూదులన్నీ పెదవుల్లోంచి తీసి చేతిలో పెట్టుకుని నా వీపు వైపు చూస్తోంది. నాలుగేళ్లలో దాని పెదవులు ఖాళీగా ఉండటం అప్పుడే చూశాను.

"నాన్నమ్మా, బోర్డు మీద రాస్తున్నట్టు నిలబడతావా?"

"నాకు పనుంది."

"పది నిమిషాలు."

గంటన్నర నిలబడ్డాను. పిల్ల మెడ మీద గీతలు చూసుకుంది, ముడి చూసుకుంది, కుడి మోచెయ్యి ఎంత వంగిందో బద్దతో కొలుచుకుంది. కదిలితే కసిరింది. నన్ను!

"కదలకు నాన్నమ్మా."

"కదల్లేదు."

"ఊపిరి పీల్చావు."

మార్చి 22, శనివారం

నాకేం సంబంధం లేదు. కానీ చెయ్యి ఖాళీగా ఉంటే నాకు తోచదు కాబట్టి, ఆ పాత అయిదు బొమ్మలకీ వీపులు కుట్టిపెట్టాను. అంటే నేను కుట్టింది గుడ్డ మాత్రమే. ఎక్కడ వదులు ఉండాలి, ఎక్కడ బిగువు ఉండాలి అనేది పిల్ల చెప్పింది. మట్టి ముంచింది పిల్ల. దారాలు మాత్రం నావి. మావారి చొక్కా వీపు మధ్యలో ఒక ముడత పెట్టమన్నాను, ఆయన కుర్చీలో అలాగే కదా కూలబడతారు. పిల్ల పెట్టింది. చూసి మావారు మధ్యాహ్నమంతా నిటారుగా కూర్చున్నారు.

పెద్ద బొమ్మ వేరే, నా వీపు చూసి చేస్తున్నది. మనిషంత ఎత్తు. నడుము పైన మట్టి, మూడు ముక్కలుగా కాల్చి అతకాలి. కింద గంజి పట్టించిన గుడ్డ. దానికి నా దుప్పట్లలో మంచివి పోయాయి.

షోరూముకి ఏ రోజు నుంచి వస్తానో ఇంకా చెప్పలేదు పిల్ల. నేనూ గుర్తుచెయ్యలేదు. మర్చిపోయాను.

మార్చి 25, మంగళవారం

భుజాల ముక్క బట్టీలో ఉంది. చల్లారేదాకా మూత తియ్యకూడదు. తీస్తే పగులుతుంది. పగిలితే మళ్లీ చెయ్యడానికి రోజులు లేవు. తాతగారికి ఓపిక లేదు. "ఒక్క సందు తీసి, ఒక్క కన్నుతో చూస్తా" అంటూ తిరుగుతున్నారు. బట్టీ ముందు కుర్చీ వేసుకుని నేనే కాపలా కూర్చున్నాను. పరీక్ష హాల్లో కూర్చున్నట్టే.

మార్చి 26, బుధవారం

తీశారు. పగల్లేదు.

"నా దుప్పటి ఎక్కడ?" అని అడిగాను.

"కాలిపోయింది నాన్నమ్మా. మడతలు మిగిలాయి."

వేలితో తడిమి చూశాను. నేత కూడా కనిపిస్తోంది, పోగు పోగున. గట్టిగా, చల్లగా. నా భుజాలు నిజంగా అంత ఎత్తులో ఉంటాయా?

మావారిని అడిగాను. "ఇది నువ్వు సంతోషంగా ఉన్నప్పటిది" అన్నారు.

మార్చి 28, శుక్రవారం

బొమ్మలన్నీ గ్యాలరీకి వెళ్లాయి. నేను వెళ్లలేదు. ఇల్లంతా ఖాళీగా ఉంది. వెనక గది ఊడ్చాను. గుండుసూదులు ఒక డబ్బాడు దొరికాయి.

అబ్బాయి రేపు వస్తున్నాడు. "షోరూముకి సోమవారం నుంచేగా?" అన్నాడు. "రా, వచ్చాక మాట్లాడదాం" అన్నాను.

మార్చి 29, శనివారం

ఇది వివరంగా రాయాలి.

సాయంత్రం నాలుగింటికి తెరిచారు. చిన్న గది, తెల్ల గోడలు. అయిదు బొమ్మలు అక్కడక్కడా. మధ్యలో నేను. అంటే నా వీపు. కుడి చెయ్యి పైకెత్తి, వేళ్ల మధ్య సుద్దముక్క పట్టుకుని, ఎదురుగా లేని బోర్డు మీద రాస్తోంది. కింద చిన్న అట్ట మీద పేరు: "బోర్డు వైపు తిరిగినప్పుడు."

ముందుకి వెళ్లి చూశాను. ముందు వైపు లేదు! బోలు. మెడ దగ్గర నుంచి నడుము దాకా డొల్ల, లోపలి మడతలు కనిపిస్తున్నాయి. ఈ పిల్ల ఈసారి వెనక వైపు చేసి ముందు వైపు ఎగ్గొట్టింది! అడుగుదామని చూస్తే అది గ్యాలరీ ఆవిడతో మాట్లాడుతోంది. గది మూల ఒక తెర ఉంది, సామాన్లు దాచడానికి. దాని వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను. జనం తిట్టాలనుకుంటే నా ఎదురుగా తిట్టలేరని.

జనం వస్తారని నేననుకోలేదు. మావారు పొద్దున నడకకి వెళ్లి, ఎదురైన ప్రతివాడికీ "ఇవాళ హెడ్మిస్ట్రెస్ గారు అటు తిరిగి నిలబడతారు, వచ్చి చూడండి" అని చెప్పారట. వచ్చారు. మందుల షాపతను వచ్చాడు, బ్యాంకు అమ్మాయి వచ్చింది, బస్సు కండక్టరు యూనిఫాంతోనే వచ్చాడు. అందరూ నా దగ్గర చదివినవాళ్లే. గుమ్మంలోంచి నవ్వుకుంటూ వచ్చి, మధ్యలో నా వీపు కనపడగానే టక్కున ఆగిపోయారు. కండక్టరు చొక్కా గుండీ పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే అందరూ వరసలో నిలబడ్డారు.

తరవాత బ్యాంకు అమ్మాయి, బాబ్‌డ్ హెయిరూ హీల్స్ చెప్పులూ, అటూ ఇటూ చూసి, నా మట్టి వీపు వైపు రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టి ఆడించింది. మందుల షాపతను బుగ్గలు పూరించాడు. కండక్టరు ఒంటికాలి మీద నిలబడి ఏదో నాట్యం చేశాడు. గది గదంతా కిసకిస. ఇన్నేళ్లూ నేను బోర్డు వైపు తిరిగినప్పుడు నా వెనక జరిగింది ఇదన్నమాట! తెర సందులోంచి మొత్తం చూశాను. ఒక్కొక్కళ్ల పేరూ గుర్తుపెట్టుకున్నాను.

మా అబ్బాయి వచ్చాడు. మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. కూతుర్ని ఏదో అనబోయి, మధ్యలో నా వీపు చూశాడు. అంత మనిషీ చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. అలాగే చిన్నగా అన్నాడు, గుండుసూదితో: "చిన్నప్పుడు వంటింటి గుమ్మంలో ఇలాగే నిలబడేవాణ్ణి. తప్పు చేసి వచ్చి. వెనక్కి తిరిగితే కొడుతుందో, దగ్గరికి తీసుకుంటుందో తెలిసేది కాదు."

"వీపు చూస్తే తెలియలేదా నాన్నా?"

"ఇప్పుడు తెలుస్తోంది" అన్నాడు వాడు.

తెర వెనక దుమ్ము చాలా ఉంది. కళ్లలో పడింది.

అప్పుడు వచ్చాడు మూడో బెంచీ. సూటు వేసుకుని, సెంటు కొట్టుకుని. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులోంచి చెయ్యి తీసి, మెడ కొంచెం ముందుకి చాపి, నా వీపుకి నాలుక బయటపెట్టాడు. పూర్తిగా. ఏడో తరగతిలోనూ ఇలాగే పెట్టి ఉంటాడు.

తెర పక్కకి లాగి వచ్చి వాడి వెనక నిలబడ్డాను.

"నాలుక లోపల పెట్టు."

వాడు తిరగలేదు. భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి. వీపు ఎంత మాట్లాడుతుందో అప్పుడు నేనూ చూశాను.

"టీచర్ గారూ... అది..."

"సోమవారం మా పిల్ల రాదు. ఆ సీటు ఎవరికైనా ఇచ్చుకో."

"మరి కిటికీ అండీ? మీరే మాటిచ్చారు కదా..."

"మాటిచ్చింది మా అబ్బాయికి. నీకు కాదు. కిటికీ కావాలంటే నెలలో ఒక వారం దాన్ని పిలుచుకో, పనికి తగ్గట్టు ఇచ్చుకో. మిగతా మూడు వారాలూ అది మట్టిలో ఉంటుంది. ఒప్పుకుంటావా, లేక ఇప్పుడు నేను చూసింది మీ షోరూములో చెప్పమంటావా?"

"ఒప్పుకుంటానండి."

"అటు తిరిగి కాదు, ఇటు తిరిగి చెప్పు."

ఇటు తిరిగి చెప్పాడు. గదిలో చప్పట్లు. కండక్టరు ఈల కూడా వేశాడు. వాడి పేరూ గుర్తుపెట్టుకున్నాను.

అందరూ వెళ్లాక గ్యాలరీ ఆవిడ బొమ్మ ముందుకి వెళ్లి ఆ డొల్ల వైపు చాలాసేపు చూసింది.

"ముందు వైపు చెయ్యలేదేమమ్మా?"

గుండుసూది సూటిగా చెప్పింది. "నాకు రాదండీ. ఈవిడ ముందు వైపు నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు. ఎదురుగా ఉంటే కళ్లు దించుకునేదాన్ని."

ఆవిడ నవ్వింది. "అయితే వచ్చే సంవత్సరం ముందు వైపు చూపించు. పెద్ద హాలు ఇస్తాను."

పిల్ల నా వైపు చూసింది. కళ్లు దించుకోలేదు.

మార్చి 30, ఆదివారం

అబ్బాయి ఊరెళ్లాడు. వెళ్తూ "అమ్మా, మాట తప్పావు" అన్నాడు. తప్పాను అన్నాను. తల వంచుకుని నవ్వుకుంటూ ఆటో ఎక్కాడు. మెడ దగ్గర చూసి తెలుసుకున్నాను.

ఇంక జరగవలసినవి:

1. నూలు దుప్పట్లు కొనాలి. పడుకోవడానికి వేరే, ముంచడానికి వేరే.

2. మావారికి చొక్కాలు కొనాలి. వాటిలో నూలు ఉండకూడదు.

3. షోరూము ఒప్పందం కాగితం మీద రాయించాలి. మూడో బెంచీ నాలుక మీద నాకు నమ్మకం లేదు.

4. బ్యాంకు అమ్మాయి, మందుల షాపతను, కండక్టరు. ఒక్కొక్కళ్ల ఇంటికీ వెళ్లాలి. ఏమీ అనను. ఊరికే గుమ్మంలో నిలబడి చూసి వస్తాను.

5. వెనక గదికి పెద్ద కిటికీ పెట్టించాలి. ముందు వైపు చెయ్యాలంటే వెలుతురు కావాలట.

6. ఆదివారాలు పిల్లకి ఎదురుగా కూర్చోవాలి. కదలకూడదు. ఊపిరి కూడా తగ్గించాలి.

7. మామూలుగా ఉండు నాన్నమ్మా, ఒకటి రెండుసార్లు నవ్వు కూడా కావాలి అంటోంది. అద్దం ముందు ప్రాక్టీసు చెయ్యాలి. తలుపు గడియ పెట్టుకుని, మావారు నడకకి వెళ్లినప్పుడు.